గండుచీమల ఇల్లు: తేమ లెక్కల డైరీ

జూన్ 17, రాత్రి

సాయంత్రం ఐదింటికి మొదలైన వాన ఏడు గంటలకు తెరిపిచ్చింది. హనుమకొండలో మా వీధి చివరి దీపం కింద ఎనిమిదింటికల్లా రెక్కల పురుగులు ముసురుకున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఉసిళ్ళు, అంటే రెక్కలొచ్చిన చెదపురుగులు. ఇంట్లో పెంచుదామని నేను వెతుకుతున్నవి అవి కావు, గండుచీమ రాణులు. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవుంటాయి, నడుము సన్నబడదు, మీసాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటాయి. చీమకు ముందు రెక్కలు పెద్దవి, వెనక రెక్కలు చిన్నవి, నడుము నూలుపోగంత సన్నం, మీసాలు మోచేతిలా వంగి ఉంటాయి. ఈ తేడాలను ముందే నేర్చుకుని ఉండడం వల్ల గంటసేపట్లో మూడు గండుచీమ రాణులను పోల్చుకోగలిగాను. మూడూ అప్పటికే రెక్కలు రాల్చుకుని గోడవార నడుస్తున్నాయి. మగచీమతో కలిసిన తరువాతనే రాణి సాధారణంగా రెక్కలు రాల్చుకుంటుంది కనుక, రెక్కలున్నవాటిని నేను ముట్టుకోలేదు.

గండుచీమను ఎంచుకోవడానికి కారణాలున్నాయి. ఇది మన నేలది. పొరపాటున తప్పించుకున్నా కొత్తగా చేసే చెరుపు ఉండదు. దీనికి కొండి లేదు, గట్టిగా కరిచి ఫార్మిక్ ఆమ్లాన్ని చిమ్ముతుందంతే. కంటితోనే చూడగలిగినంత పెద్దది. అన్నిటికంటె ముఖ్యమైనది, దీని రాణి మొదటి సంతానం పెరిగి పెద్దదయ్యేవరకు ఏమీ తినకుండా ఒంటరిగా గదిలో మూసుకుని కూర్చోగలదు. ఇక పనికిరాని రెక్కల కండరాలను, ఒంట్లోని కొవ్వును కరిగించి వాటితోనే పిల్లలను సాకుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని కాంపోనోటస్ కంప్రెసస్ అంటారు. 1787లో దీనిని వర్ణించి పేరుపెట్టినవాడు డెన్మార్కుకు చెందిన ఫాబ్రిషియస్.

ల్యాబు సామాన్ల దుకాణంలో కొన్న 25 మిల్లీమీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల పొడవు గల టెస్ట్‌ట్యూబులను నెల కిందటే సిద్ధం చేసుకున్నాను. మూడోవంతు వరకు నీళ్ళు, ఆ నీళ్ళను తాకేలా గట్టిగా దట్టించిన దూది, ఆ తరువాత ఖాళీ జాగా, మూతి దగ్గర వదులుగా మరో దూది ఉండ. రాణి గది అంటే ఇంతే. ఒక్కొక్క రాణిని ఒక్కొక్క ట్యూబులోకి నడిపించి, మూడింటినీ బీరువాలో చీకటి అరలో పడుకోబెట్టాను. గండుచీమల కాలనీలో సాధారణంగా ఒకే రాణి ఉంటుంది. ఇద్దరిని కలిపి ఉంచితే కొట్లాట తప్పదు.

అమ్మ ట్యూబులు చూసి, "ఇంట్లకు రావొద్దని మనం పసుపు చల్లుతుంటె, నువ్వు సీసాలల్ల పెట్టి సాదుతవా బిడ్డా" అన్నది. కోప్పడలేదు. చీమల మందు సుద్దముక్కను మాత్రం ఈ రోజు నుంచి ఇంట్లో వాడవద్దని అడిగాను, ఒప్పుకుంది.

జూన్ 20

మూడో ట్యూబులో ఐదు గుడ్లు. తెల్లగా, సగ్గుబియ్యంలో నూకంత ఉన్నాయి, రాణి వాటిని ఒకే ముద్దగా అంటించి నోటితో పట్టుకుని తిరుగుతోంది. గుడ్లను తరచు నాకడం వల్లనే వాటిమీద బూజు పట్టకుండా ఉంటుంది. రెండో ట్యూబులో మూడు గుడ్లు, మొదటిదానిలో ఏమీ లేవు.

జూలై 1

రెండో రాణి తన గుడ్లన్నిటినీ తినేసింది. ఈ తప్పు నాదని రాసుకోవాలి. మొదటి గుడ్లు చూసిన సంతోషంలో రోజుకు రెండుసార్లు బీరువా తెరిచాను, ట్యూబు ఎత్తి వెలుతురులో తిప్పి చూశాను. గాజు మీద గోరు తగిలినా ఆ అదురు చీమకు పెద్దది. ప్రమాదం ఉన్నదని తోస్తే రాణి గుడ్లను తిని, వాటిలోని పోషకాన్ని మళ్ళీ ఒంట్లోకి తీసుకుంటుంది; ఆహారం లేకుండా నెలలు గడపవలసిన ప్రాణికి అది సరైన లెక్కే. ఇకమీదట వారానికి ఒక్కసారి, ఆదివారం ఉదయం మాత్రమే చూస్తాను.

జూలై 9

మొదటి రాణి నీటిలో మునిగి చనిపోయింది. ఎలా జరిగిందో అర్థం చేసుకోవడానికి సగం రోజు పట్టింది. ట్యూబుల కింద గుడ్డ మార్చడానికి నిన్న మధ్యాహ్నం మూడింటినీ కిటికీ దగ్గర బల్లమీద పెట్టాను, పావుగంట ఎండ తగిలింది. దూది వెనక నీళ్ళు కొంత ఇగిరిపోయి, ఆ జాగాలో గాలి చేరి ఉన్నది. ఎండకు ఆ గాలి వ్యాకోచించి, వెళ్ళడానికి వేరే దారి లేక నీటిని దూది గుండా ముందుకు నెట్టింది. మిగిలిన రెండింటిలో దూది ఇంకొంచెం గట్టిగా ఉండడం వల్ల చెమ్మ మాత్రమే పెరిగింది.

ఈ సంఘటన తరువాత ప్రాజెక్టును నేను చూసే తీరే మారింది. తిండి గురించి, గూడు అందం గురించి ఎన్నో పథకాలు రాసుకున్నాను కాని, తేమ గురించి ఒక్క వాక్యమూ రాసుకోలేదు. రాణులు వానకే బయటికి వచ్చాయి, నీటివల్లనే బతుకుతున్నాయి, నీటివల్లనే ఒకటి పోయింది. రూ. 400 పెట్టి తేమనూ వేడినీ చూపించే చిన్న డిజిటల్ మీటరు కొని అరలో ఉంచాను. ఈ రోజు 29 డిగ్రీలు, తేమ 74 శాతం.

రెండు రోజుల కిందట, అంటే 7వ తేదీన, మూడో ట్యూబులో గుడ్లు లార్వాలు, అంటే పురుగుల్లాంటి పిల్లలు, అయ్యాయి. గుడ్డు దశ 17 రోజులు.

జూలై 21

మొదటి పట్టుకాయ కనిపించింది. గండుచీమ లార్వా పట్టుపురుగు మాదిరిగానే తనచుట్టూ గూడు అల్లుకుంటుంది. అల్లిక మొదలుపెట్టడానికి దానికి ఏదో ఒక ఆధారం కావాలి. నేలలోనైతే మట్టిరేణువులు ఉంటాయి, నున్నటి గాజులో ఏమీ లేవు. రాణి దూది నుంచి పోగులు పీకి లార్వా మీద కప్పడం ఈ ఉదయం చూశాను. లేత గోధుమరంగులో, బియ్యపు గింజంత ఉన్నదా పట్టుకాయ. లార్వా దశ 14 రోజులు పట్టింది.

ఆగస్టు 8

మొదటి శ్రామిక చీమ పుట్టింది! పట్టుకాయ కొసన నల్లచుక్క కొన్నాళ్ళుగా కనిపిస్తున్నది, అది లార్వా దశలో పేరుకున్న మలం. లోపల లార్వా ప్యూపాగా, అంటే చీమ రూపం దాల్చే దశకు, మారిందనడానికి గుర్తు. రాణి తన దవడలతో పట్టుకాయను చీల్చి పిల్లను బయటికి తీసింది. కొత్త చీమ ఒంటి రంగు ఇంకా గట్టిపడలేదు, పాలు కలిపిన టీ రంగులో ఉన్నది, కాళ్ళు తడబడుతున్నాయి. మామూలు గండుచీమలో సగమైనా లేదు. రాణి ఒంట్లోని నిల్వతోనే పెరిగిన మొదటి పిల్లలు ఇలాగే చిన్నవిగా ఉంటాయి. గుడ్డు నుంచి ఈ రోజు వరకు 49 రోజులు. అన్ని రోజులూ రాణి ఒక్క మెతుకు తినలేదు.

రెండో రాణి మళ్ళీ గుడ్లు పెట్టి, మళ్ళీ తినేసి, పోయిన వారం చనిపోయింది. ఇక ఉన్నది ఒక్క కాలనీయే.

సెప్టెంబరు 2

ఆరు శ్రామిక చీమలు. ఇప్పటినుంచి తిండి నా బాధ్యత. అగ్గిపుల్ల తలంత పంచదార పాకాన్ని వెండికాగితం ముక్క మీద పెట్టి లోపలికి జరిపాను. పాకంలో మిఠాయిల్లో వేసే ఎర్రరంగు కొద్దిగా కలపమని చెప్పినది మా అమ్మాయి. చీమ తిన్నది ఎక్కడికి పోతుందో తెలుస్తుందన్నది. దాని ఊహ ఫలించింది. ఒకే ఒక చీమ వచ్చి తాగింది. కడుపు ఉబ్బి, నల్లటి పలకల మధ్య పొర సాగి, ఆ సందుల్లో ఎరుపు కనిపించింది. అది వెనక్కి వెళ్ళి మరొక చీమ ఎదుట నిలబడి దవడలు విప్పగానే, ఇద్దరి నోళ్ళ మధ్య మెరుస్తూ చిన్న బొట్టు నిలిచింది. మరుసటి ఉదయానికి ఆరు చీమల్లోనూ రాణిలోనూ ఆ ఎరుపు గీతలు ఉన్నాయి. చీమకు అన్నవాహికలో ఒక సంచి ఉంటుంది; అందులో పడినది దాని సొంతం కాదు, కాలనీ మొత్తానికి చెందినది. తనకు కావలసినంత మాత్రమే అక్కడినుంచి జీర్ణకోశంలోకి వదులుకుంటుంది.

సెప్టెంబరు 20

మాంసకృత్తుల కోసం వంటింట్లో దొరికిన చిన్న బొద్దింకను పెట్టాను. రెండు రోజుల్లో మూడు చీమలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుని చనిపోయాయి, తొమ్మిదింటిలో ఆరే మిగిలాయి. మా ఇంట్లో మందు వాడడం ఆపాము సరే, ఆ బొద్దింక పక్కింటి నుంచో కాలువ నుంచో ఏ మందు తిని వచ్చిందో ఎవరు చెప్పగలరు? ఇకమీదట ఇంట్లో దొరికిన పురుగు ఏదీ పెట్టను. అక్వేరియం దుకాణంలో దొరికే మీల్‌వర్మ్ పురుగులు తెచ్చి, మరిగే నీటిలో ఒక నిమిషం ముంచి, ముక్కలు కోసి వారానికి రెండుసార్లు ఇస్తున్నాను. ఎదిగిన చీమలు గట్టి ఆహారాన్ని మింగలేవు. రసం పీల్చి మిగతాది లార్వాల నోటికి అందిస్తాయి. గండుచీమల పేగు కణాలలో బ్లాక్‌మానియా అనే బాక్టీరియా నివసిస్తూ వాటికి కావలసిన అమైనో ఆమ్లాలను తయారుచేసి ఇస్తుంది కాబట్టి, పాకం తరచుగా, పురుగు ముక్క తక్కువగా ఇచ్చినా కాలనీ నిలదొక్కుకుంటుంది. తినగా మిగిలిన ముక్కను 24 గంటల్లో తీసేయకపోతే బూజు పడుతున్నది, అదీ తేమ పనే.

అక్టోబరు 8

ట్యూబును పదిహేను రోజుల కిందట మూతలేని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, మూతి దూది సగం తీశాను; చీమలు బయటికి వచ్చి తిని వెళ్ళడం నేర్చుకున్నాయి. పెట్టె గోడలు ఎక్కకుండా టాల్కం పౌడరును సర్జికల్ స్పిరిట్‌లో కలిపి పైఅంచుకు రెండు అంగుళాల పట్టీగా పూశాను. స్పిరిట్ ఆరిపోయాక మిగిలిన సన్నని పొడి చీమ కాళ్ళ కింద రాలిపోతుంది, పట్టు దొరకదు. ఇది బాగా పనిచేసింది, మూడు రోజులు ముసురు పట్టేవరకు. మీటరు 91 శాతం చూపించిన రాత్రి పొడి తేమను పీల్చుకుని గోడకు అట్టకట్టింది. ఉదయం చూస్తే పెట్టెలో ఉన్నవి పది, బయట గోడమీద నాలుగు, మరి రెండు కనిపించలేదు. నాలుగింటినీ ఇంకు బ్రష్‌తో తోసి లోపలికి చేర్చాను.

పౌడరుకు బదులుగా కొబ్బరినూనె పట్టీ పూశాను. నూనె మీద ఒక్క చీమా అడుగు వేయడం లేదు.

నవంబరు 5

ట్యూబు నుంచి అసలు ఇంటికి మారిన రోజు. ఈ ఇంటి తయారీ గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇందులో నేను రెండుసార్లు ఓడిపోయాను.

మా సందులో అపార్ట్‌మెంటు కడుతున్నవారు విరిగిన సిపోరెక్స్ ఇటుక ముక్కలను ఊరికే ఇచ్చారు. ఈ ఇటుక లోపల అంతా గాలి బుడగలే కనుక మామూలు రంపంతో తెగుతుంది, స్క్రూడ్రైవరుతో గీరితే గదులు తయారవుతాయి, నీటిని పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది. 20 సెంటీమీటర్ల పొడవు, 12 వెడల్పు, 5 మందం గల పలక కోసి, ఒక వరుసలో ఐదు గదులు, వాటిని కలిపే సన్నని దారులు, ఎడమ కొసన గోడ అవతల ఒక నీటి గుంట చెక్కాను. గది లోతు 12 మిల్లీమీటర్లు. అంతకంటె ఎక్కువైతే చీమలు గదిని గదిగా గుర్తించవేమోనని భయం. దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు కట్టుకుని, ఇటుకను తడిపి చెక్కాను. తరువాత రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, నీరు మారుస్తూ కడిగి, వారం ఎండబెట్టాను. పైన 4 మిల్లీమీటర్ల గాజు. చీమలు తిండికి వచ్చి తిరిగే ప్లాస్టిక్ పెట్టెకూ గూటికీ మధ్య గొట్టం కోసం చాలా వెతికాను. అక్వేరియం గాలిగొట్టం మరీ సన్నం. చివరికి తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే లెవెల్ పైపు సరిగ్గా సరిపోయింది.

మొదటి ఓటమి: నీటి గుంటను నిండా నింపాను. గంటలో ఇటుక మొత్తం తడిసి, తెల్లారేసరికి గాజు లోపలివైపు చెమట పట్టింది. ఒక్క చీమా లోపల ఉండలేదు. రెండో ఓటమి: భయపడి నీళ్ళు మానేశాను, మూడు రోజుల్లో ఇటుక ఎండిపోయి మళ్ళీ అన్నీ ట్యూబులోకే చేరాయి. ఇప్పుడు సిరంజితో కొలిచి నాలుగు రోజులకొకసారి 6 మిల్లీలీటర్లు మాత్రమే పోస్తున్నాను. ఎడమ రెండు గదులు ముదురు బూడిద రంగులో, మధ్యది మచ్చలుగా, కుడి రెండు తెల్లగా ఉంటాయి. ఇటుక రంగే నాకు తేమ కొలమానం. ట్యూబు మీది నల్లగుడ్డ తీసి, గూటి మీద కప్పాను. చీకటికోసం రాత్రికి రాత్రే సామాను సర్దుకున్నాయి. రాణి అన్నిటికంటె చివర వెళ్ళింది, ఇద్దరు శ్రామికులు ముందు నడుస్తూ మీసాలతో తడుముతుండగా.

నవంబరు 12

ఈ వారం చూసినది ఇంతవరకు ప్రాజెక్టులో నాకు బాగా నచ్చినది. గుడ్లు, చిన్న లార్వాలు ఎడమవైపు తడి గదిలో ఉన్నాయి. పెద్ద లార్వాలు మధ్య గదిలో. పట్టుకాయలన్నీ కుడివైపు పొడి గదిలో, కలపను పేర్చినట్టు గోడవారగా. నేను నీళ్ళు పోసిన రోజు తడి అంచు ఒక గది కుడికి జరుగుతుంది, రెండు గంటల్లో పట్టుకాయలూ అంత మేరా జరుగుతాయి. మళ్ళీ ఆరే కొద్దీ గుడ్లు ఎడమకు వస్తాయి. ఏ దశకు ఎంత తేమ కావాలో వాటికి నాకంటె, నా మీటరుకంటె బాగా తెలుసు. అందుకే గూడంతా ఒకే తీరుగా తడపడం తప్పని గట్టిగా చెప్పగలను. తడి నుంచి పొడి వరకు అన్ని మెట్లూ ఇచ్చి, ఎంపిక వాటికే వదిలేయాలి.

డిసెంబరు 23

రాత్రి 14 డిగ్రీలకు పడిపోయింది. కొబ్బరినూనె గడ్డకట్టింది! గోడమీది తెల్లని పట్టీ మీదుగా ఐదు చీమలు తాపీగా నడిచి బయటికి వచ్చాయి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుందని వంటింట్లో సీసా చూస్తూ పెరిగినదాన్ని, ఆ సంగతి నాకు తట్టలేదు. నూనె తుడిచి, వ్యాజిలిన్ పలుచగా పూశాను. ఎండాకాలంలో అది కారుతుంది కాబట్టి అప్పుడు మళ్ళీ పౌడరు. అంటే ఒక్కొక్క కాలానికి ఒక్కొక్క కంచె.

చలికి గుడ్లు దాదాపు ఆగిపోయాయి. 31 చీమలు.

జనవరి 14

సంక్రాంతి సెలవుల్లో అమ్మాయీ నేనూ ఒక పరీక్ష చేశాము. ఇంగ్లండులో జాన్ లబ్బక్ అనే శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దంలో రెండు గాజుపలకల మధ్య కొద్దిగా మట్టి ఉంచి చీమలను పెంచాడు. 1874లో తెచ్చిన ఒక రాణి ఆయన దగ్గర 1888 దాకా బతికింది. ఆయన గూటిమీద రంగుగాజులు పరిచి, చీమలు తమ పిల్లలను ఏ రంగు కిందికి చేరుస్తాయో లెక్కించాడు. ఎరుపు కింద చీకటిలో ఉన్నట్టే ఉండి, ఊదారంగును తప్పించుకుంటాయని గమనించాడు.

మా దగ్గర పుస్తకాల అట్టలకు వేసే జిలాటిన్ కాగితాలున్నాయి. తేమ తేడా ఫలితాన్ని చెడగొట్టకుండా, ఇటుకంతా సమంగా ఆరిన రోజునే మొదలుపెట్టి, నల్లగుడ్డ తీసి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం కాగితాలను నాలుగు గదులమీద వేశాము. రెండు గంటలకొకసారి పిల్లలను లెక్కించి, కాగితాల స్థానాలు మార్చాము. ఎనిమిదిసార్లలో ఆరుసార్లు సగానికి పైగా పిల్లలు ఎరుపు కింద చేరాయి. నీలం కింద ఎప్పుడూ నాలుగుకు మించలేదు. జిలాటిన్ కాగితం గాజంత శుద్ధంగా కాంతిని వడకట్టదు, కాబట్టి పసుపు, ఆకుపచ్చల మధ్య తేడా గురించి ఏమీ తేల్చలేము. మాకు పనికొచ్చే ఫలితం మాత్రం దొరికింది: నల్లగుడ్డ స్థానంలో ఎర్రకాగితం రెండు పొరలు వేశాను. ఇప్పుడు వాటిని కదిలించకుండానే ఎప్పుడైనా చూడవచ్చు. జూలైలోనే ఈ పని చేసి ఉంటే రెండో రాణి గుడ్లు దక్కేవేమో.

మార్చి 9

52 చీమలు. వాటిలో ఈ వారం పుట్టిన ఒకటి మిగతావాటికి రెట్టింపు తలతో ఉన్నది. కాలనీ బలపడ్డాక వచ్చే పెద్ద శ్రామిక చీమ. మీల్‌వర్మ్ గట్టి తోలును అది ఒక్క కాటుకు చీల్చగా, చిన్నవి చుట్టూ చేరి రసం తాగాయి.

అదే రోజు రాత్రి ఇంట్లో తిరిగే చిట్టి ఎర్రచీమలు పాకం వాసనకు పెట్టెలోకి దండు కట్టాయి. నేను కంగారుపడుతుంటే అమ్మ వచ్చి, "నెయ్యి గిన్నెకు చేసినట్టే చెయ్యరాదు" అని వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో ఇటుకముక్క పెట్టి, దానిమీద పెట్టెను నిలబెట్టింది. చీమలనుంచి తిండిని కాపాడే ఉపాయం చీమలనుంచి చీమలను కాపాడింది. మా వైపు రెండే చనిపోయాయి.

మే 19

మధ్యాహ్నం బయట 43, గదిలో 37 డిగ్రీలు. గూటిని బీరువా నుంచి తీసి, నేలమీద తాగునీటి కుండ పక్కన పెట్టాను, అక్కడ 33 దాటడం లేదు. నాలుగు రోజులకు 6 మిల్లీలీటర్లు అన్న లెక్క ఇప్పుడు చెల్లదు. రోజూ 8 పోస్తున్నాను, అయినా సాయంత్రానికి మూడో గది తెల్లబడుతున్నది. పట్టుకాయలు కూడా తడివైపే వచ్చాయి, నవంబరు క్రమం పూర్తిగా చెరిగిపోయింది. వేడికి మాత్రం గుడ్లు జోరుగా వస్తున్నాయి: ఈసారి గుడ్డు నుంచి చీమ వరకు 41 రోజులే.

జూన్ 17

సరిగ్గా ఏడాది. లెక్కించగలిగినవి 134, వాటిలో పెద్దతలవి ఏడు. రాత్రి వాన కురిసింది, వీధిదీపం కింద మళ్ళీ రాణులు నడిచాయి. నేను చూసి వచ్చానే కాని ఏ ఒక్కదాన్నీ పట్టలేదు. ఉన్న కాలనీకే గదులు చాలడం లేదు.

రెండో సిపోరెక్స్ పలక చెక్కి, కడిగి, ఆరబెట్టి ఉంచాను. ఇందులో గదులు తొమ్మిది, నీటి గుంటలు రెండు, ఒక్కొక్క కొసకు ఒకటి, వేసవిలో రెండూ నింపడానికి. లెవెల్ పైపుతో పాతదానికి కలిపి, ఎడమ గుంటలో 10 మిల్లీలీటర్లు పోశాను. సాయంత్రం ఆరింటికి ఒక పెద్దతల చీమ పైపు మధ్య దాకా వచ్చి, మీసాలు ఆడించి, వెనక్కి తిరిగిపోయింది. మీటరు 78 చూపిస్తున్నది. ఆదివారం మళ్ళీ చూస్తాను.